మన గూడెం మ్యాప్‌లో ఎందుకు లేదు? లలితేష్ కాట్రగడ్డ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌కు ముందు ఒక చిన్న పని చెప్తా, చేయండి. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి భద్రాచలం వెతకండి. గోదావరి బ్రిడ్జి వస్తుంది, రామాలయం వస్తుంది, బస్టాండు, లాడ్జీలు, టిఫిన్ సెంటర్లు, ఏటీఎంలు అన్నీ వస్తాయి. ఇప్పుడు అక్కడి నుంచి మెల్లగా పైకి జరపండి. దుమ్ముగూడెం, చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ బార్డర్ వైపు. పోయేకొద్దీ స్క్రీన్ మీద ఆకుపచ్చ పెరుగుతుంది, పేర్లు పలచబడతాయి. కొంచెం దూరం పోతే గీతలు కూడా ఉండవు.

ఆ ఆకుపచ్చలో మనుషులున్నారు. కోయ గూడేలున్నాయి. 2005 తర్వాత సల్వాజుడుం గొడవలకు ఊళ్ళు వదిలి ఇటు వచ్చేసిన గుత్తికోయల గుంపులున్నాయి. పది ఇళ్ళు ఒకచోట, ఇరవై ఇళ్ళు ఇంకోచోట. నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి వాగు దాటించారన్న వార్త ప్రతి వానాకాలం పేపర్లో చూస్తూనే ఉంటాం కదా. రోడ్డు లేకపోవడమే అందులో పెద్ద కారణం, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఇంకోటి కూడా ఉంది. ఆ గుంపు ఎక్కడుందో, ఏ రోడ్డు దాకా వస్తే దగ్గరవుతుందో బయటి మనిషికి తెలీదు. ఫోన్ చేసిన అన్న "మా గుంపు దగ్గరికి రండి" అంటాడు. వినేవాళ్ళ కంప్యూటర్‌లో ఆ గుంపే లేదు.

ఈ ఖాళీని నింపాలని చూసిన ఒక ఇంజనీర్ కథ ఇవాళ చెప్తాను. పేరు లలితేష్ కాట్రగడ్డ. ఇంటిపేరు వినగానే మనవాళ్ళ పేరని తెలిసిపోయి ఉంటుంది. సొంత కంపెనీ పెట్టారు, గూగుల్‌కు వెళ్ళారు, ప్రపంచంలో ఎవరైనా సరే తమ ఊరి మ్యాప్ తామే గీసుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేయించారు. తర్వాత అక్కడి నుంచి బయటికి వచ్చి, ప్రజల అవసరాల కోసం టెక్నాలజీ అంటూ ఇంకో దారి పట్టారు. మరి ఆయన చేసిన ఆ సాఫ్ట్‌వేర్ ఇవాళ ఉందా? లేదు. ఎందుకు లేదన్నదే ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన భాగం. అక్కడికి వద్దాం, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. డేటా విజువలైజేషన్ అనే పదం వినగానే చాలామందికి ఆఫీసుల్లో ప్రొజెక్టర్ మీద కనబడే గ్రాఫులు గుర్తొస్తాయి. మనకు అంతదూరం అక్కర్లేదు. భద్రాచలంలో గోదావరి నీటిమట్టం కొలిచే గేజీ ఉంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఎక్కడో ఎగువన, ప్రాణహితలో, ఇంద్రావతిలో పడ్డ వానంతా ఇక్కడ ఒక్క అంకె అయిపోతుంది. ఆ అంకె చూసి కరకట్ట పక్కనున్న అమ్మమ్మ సామాను సర్దుకుంటుంది. చూడగానే ఏం చేయాలో మనిషికి తెలిసేలా లెక్కను కంటిముందు పెట్టడం, డేటా విజువలైజేషన్ అంటే అంతే. అందులో అన్నిటికంటే పాత రకం మ్యాప్. అన్నిటికంటే ఎక్కువ మంది వాడేది కూడా అదే.

ఇక ఈ అడవి మ్యాప్‌లో ఎందుకు ఖాళీగా ఉంది? దీనికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

జార్జ్ ఎవరెస్ట్ పేరు విన్నారు కదా, పర్వతానికి పెట్టిన పేరు. ఆ మనిషి తన పేరున్న పర్వతాన్ని చూశాడన్న ఆధారం లేదు కానీ, మన అడవిని మాత్రం బాగా చూశాడు. 1818లో హైదరాబాద్‌లో లాంబ్టన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాడు. లాంబ్టన్ అంటే దక్షిణాది నుంచి మొదలుపెట్టి దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ వచ్చిన సర్వే పెద్ద. చేరిన కొత్తలోనే ఎవరెస్ట్‌కు అప్పజెప్పిన ప్రాంతం కృష్ణా, గోదావరి నదుల మధ్య నిజాం రాజ్యపు అడవులు. అంటే ఇప్పటి ఖమ్మం, కొత్తగూడెం ఉన్న వైపు. 1819 వానాకాలంలో ఎవరెస్ట్‌తో పాటు ఆయన మనుషులంతా జ్వరాల పాలయ్యారు. పని ఆగిపోయింది. ఒళ్ళు బాగుచేసుకోవడానికి ఎవరెస్ట్ 1820లో ఓడెక్కి ఆఫ్రికా కొనకు, కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్ళాల్సి వచ్చింది. మన్యం జ్వరం అంటే ఊరికే కాదు మరి.

వాళ్ళు కొలిచింది ఎవరి కోసం? పన్ను కోసం, సైన్యం కోసం. కొండ శిఖరం కావాలి, నది కావాలి, తాలూకా హద్దు కావాలి. గూడెంలో ఎవరున్నారన్నది వాళ్ళకు అవసరం లేని సంగతి. తర్వాత వచ్చిన ఫారెస్ట్ మ్యాపుల్లో కంపార్ట్‌మెంట్ నంబర్లు వచ్చాయి, టేకు ఎక్కడుందో వచ్చింది. ఎవరు డబ్బు పెట్టి గీయిస్తే వాళ్ళకు కావాల్సింది అందులో కనబడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కంప్యూటర్ మ్యాపులు వచ్చాక కూడా జరిగింది అదే.

2005 ప్రాంతానికి రండి. అప్పుడు ప్రపంచంలో రోడ్ల డిజిటల్ మ్యాపులు అమ్మే పెద్ద కంపెనీలు రెండు. నావ్‌టెక్, టెలీ అట్లాస్. కార్లకు కెమెరాలు, జీపీఎస్ కట్టి రోడ్డు రోడ్డూ తిప్పి మ్యాప్ చేసేవి. ఆ మ్యాప్ కార్ల కంపెనీలు కొనేవి. అది ఎంత పెద్ద వ్యాపారమంటే, కొన్నేళ్ళకే నోకియా నావ్‌టెక్‌ను 8.1 బిలియన్ డాలర్లకు, టామ్‌టామ్ టెలీ అట్లాస్‌ను 2.9 బిలియన్ యూరోలకు కొన్నాయి. మరి కార్లు కొనేవాళ్ళు ఎక్కడుంటే మ్యాప్ కూడా అక్కడే ఉంటుంది. న్యూయార్క్‌లో ప్రతి సందూ ఉంటుంది. గుండాల మండలంలో ప్రతి గూడెం ఎందుకు ఉంటుంది? ఎవరు కొంటారు?

ఇక్కడ తెలుగువాళ్ళ పాత్ర ఇంకోటి కూడా ఉంది. బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారు 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. ఇంజనీరింగ్ డ్రాయింగులు, మ్యాపులు కాగితం మీంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం వాళ్ళ తొలి పనుల్లో ఒకటి. 2005లో టెలీ అట్లాస్ ఇండియా విభాగాన్ని ఆ కంపెనీయే కొన్నది. 2014లో సైయెంట్ అని పేరు మార్చుకుంది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, కంపెనీ ఫౌండేషన్ తరఫున ప్రభుత్వ బడుల పనులు చేస్తున్నారు. కంపెనీ పెట్టడం, సంపాదించడం, బడికి ఇవ్వడం. మనకు బాగా తెలిసిన దారి ఇది, మంచి దారే. కానీ అందులో ఒక విచిత్రం చూడండి. హైదరాబాద్‌లో కూర్చుని మన పిల్లలు ఏళ్ళ తరబడి పరాయి దేశాల మ్యాపులు గీశారు. ఐదారు గంటల దూరంలో ఉన్న మన ఏజెన్సీ మ్యాప్ గీయమని మాత్రం ఎవరూ కాంట్రాక్టు ఇవ్వలేదు.

లలితేష్ కాట్రగడ్డ వేరే దారిలో వచ్చారు. ఐఐటీ బాంబేలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్, తర్వాత అమెరికా. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్‌లో పీహెచ్‌డీ. అక్కడ చంద్రుడి మీద తిరిగే రోవర్ ఎలా ఉండాలి అనే ప్రాజెక్టులో పనిచేశారు. రోబోను ఎలా డిజైన్ చేయాలన్నదే ఆయన థీసిస్. తర్వాత స్ఫీరియో అని సొంత కంపెనీ. 2002లో ఆ కంపెనీతో సహా గూగుల్‌కు వెళ్ళారు. అప్పటికి గూగుల్ షేర్ మార్కెట్‌కు కూడా రాలేదు. చిన్న కంపెనీ. రెండేళ్ళకు బెంగళూరులో గూగుల్ ఇంజనీరింగ్ సెంటర్ మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టిన తొలి కొద్దిమందిలో ఆయన ఒకరు.

అమెరికాలో కూర్చుంటే గూగుల్ మ్యాప్స్ అద్భుతం. బెంగళూరులో కూర్చుంటే ఆ రోజుల్లో సగం ఖాళీ. అడ్రస్ అడిగితే "ఆ వేపచెట్టు దాటి ఎడమకు తిరగండి" అనే దేశం మనది. మన దగ్గర డేటా కొందామంటే కావాల్సినంత దొరకదు. కార్లు తిప్పి తయారు చేద్దామంటే ఎన్నేళ్ళు పడుతుందో, ఎంత ఖర్చో తెలీదు.

అప్పుడు ఆయన, సంజయ్ జైన్, మానిక్ గుప్తా ఇంకా కొందరు కలిసి ఒక ఆలోచన పట్టారు. ఉపగ్రహ ఫోటో ఎలాగూ ఉంది. పై నుంచి చూస్తే రోడ్డు కనబడుతుంది, ఇల్లు కనబడుతుంది, కానీ పేరు కనబడదు. ఆ పేరు తెలిసిన మనిషి ఊళ్ళోనే ఉన్నాడు. వాడి చేతికే పెన్ను ఇస్తే? ఫోటో మీద గీత గీసి "ఇది మా ఊరి రోడ్డు" అంటాడు, చుక్క పెట్టి "ఇది హాస్పిటల్" అంటాడు. ఇంకో మనిషి వచ్చి అది నిజమేనా కాదా చూస్తాడు. బాగా చేసినవాళ్ళ మీద నమ్మకం పెరిగేకొద్దీ వాళ్ళ మార్పులు త్వరగా మ్యాప్‌లోకి ఎక్కుతాయి. దీని పేరే గూగుల్ మ్యాప్ మేకర్.

ఇది ఇంకా జనం చేతికి రాకముందే పరీక్ష వచ్చింది. 2008 మే మొదటి వారంలో నర్గీస్ తుఫాను మయన్మార్ మీద పడింది. ఇరావడీ డెల్టా మొత్తం నీళ్ళే. లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఐక్యరాజ్యసమితి వాళ్ళు సాయం పంపాలి. రోడ్లు ఎక్కడున్నాయి? హాస్పిటళ్ళు ఎక్కడున్నాయి? మ్యాప్ లేదు. అప్పుడు గూగుల్‌లో 40 మంది వాలంటీర్లు ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నారు. నాలుగు రోజుల్లో 1,20,000 కిలోమీటర్ల రోడ్లు, 3,000 హాస్పిటళ్ళు, సహాయ కేంద్రాలు గీసి ఇచ్చారు. ఈ లెక్కలు లలితేష్ స్వయంగా స్టేజీ మీద చెప్పినవి. 2009 నవంబర్‌లో మైసూరులో టెడ్ ఇండియా జరిగింది, అక్కడ ఆయన మాట్లాడింది రెండు మూడు నిమిషాలే. అందులో ఇంకో లెక్క కూడా చెప్పారు. 2005 నాటికి వివరంగా, అంటే అడ్రస్ పట్టుకుని వెతకగలిగేంత వివరంగా, మ్యాప్ అయిన ప్రపంచం 15 శాతమే అని. మిగతా 85 శాతంలో మన గూడేలూ ఉన్నాయి.

సరదా సంగతి, అదే మైసూరు సభలో హాన్స్ రోస్లింగ్ కూడా మాట్లాడారు. స్వీడన్ డాక్టర్. దేశాల ఆదాయం, ఆయుష్షు లెక్కలను బుడగలు చేసి స్క్రీన్ మీద పరిగెత్తించేవారు. యూట్యూబ్‌లో మీలో కొందరైనా చూసే ఉంటారు. ఇండియా ఏ తారీఖుకు ముందున్న దేశాలను అందుకుంటుందో ఆ రోజు చెప్పారు. 2048 జులై 27. ఎందుకా తేదీ అంటే ఆ రోజుకు ఆయనకు వందేళ్ళు నిండుతాయట. పాపం 2017లోనే పోయారు. ఆయన వాడిన ఆ బుడగల సాఫ్ట్‌వేర్‌ను వాళ్ళబ్బాయి, కోడలు తయారు చేశారు. 2007లో దాన్ని కొన్నది కూడా గూగులే.

మళ్ళీ మన కథకు. 2008 జూన్‌లో మ్యాప్ మేకర్ కొన్ని చిన్న దేశాల్లో విడుదలైంది, కొన్ని నెలల్లోనే ఇండియాకు వచ్చింది. పాకిస్తాన్, వియత్నాం, ఆఫ్రికా దేశాలు... జనం కూర్చుని గీశారు. ఎవరికీ జీతం లేదు. కాలేజీ పిల్లలు, రిటైరైన టీచర్లు, ఊరు వదిలి దూరదేశం వెళ్ళినవాళ్ళు. ఇది ఎందుకు చేశారని అడిగితే పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. మన ఊరి పేరు స్క్రీన్ మీద కనబడితే ఉండే సంతోషం చాలు. ఆ సంతోషం తక్కువది కాదు, నన్నడిగితే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంతమంది గీసిన ఆ మ్యాప్ ఎవరిది?

దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ అనే కుర్రాడు 2004లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టాడు. అదీ జనం గీసేదే. కానీ అందులో గీసిన డేటా అందరిది. ఎవరైనా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, యాప్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసి గోడకు కొట్టుకోవచ్చు. ఎక్కడి నుంచి తెచ్చామో చెప్పాలి. మ్యాప్ మేకర్‌లో అలా కాదు. లాభం కోసం పనిచేయని సంస్థలకు కొన్ని షరతులతో డేటా ఇచ్చేవారు, అంతవరకే. తాళం చెవి గూగుల్ దగ్గరే ఉండేది. 2012 జనవరిలో ప్రపంచ బ్యాంకు మ్యాప్ మేకర్ వాడుకోవడానికి గూగుల్‌తో ఒప్పందం చేసుకుంటే దీని మీదే పెద్ద గొడవైంది. పేద దేశాల జనం ఉచితంగా పనిచేస్తే ఆస్తి కంపెనీకి పోతుందా అని అడిగారు. బ్యాంకు కొన్ని వారాల్లోనే వెనక్కి తగ్గి, జనం చేసే డేటా అందరికీ తెరిచి ఉంచే ప్రయత్నాలకే మా మద్దతు అని చెప్పాల్సి వచ్చింది.

మన దేశంలో గొడవ ఇంకోలా వచ్చింది. 2013 మొదట్లో గూగుల్ మ్యాపథాన్ అని పోటీ పెట్టింది. ఎవరు ఎక్కువ, మంచిగా గీస్తే వాళ్ళకు బహుమతులు. సర్వే ఆఫ్ ఇండియా ఢిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. మన సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టిన సంస్థ, లాంబ్టన్ పని, ఎవరెస్ట్ పని అంతా దాంట్లోనే కలిసిపోయింది. అనుమతి లేకుండా రక్షణ స్థావరాలు కూడా మ్యాప్‌లోకి ఎక్కుతున్నాయన్నది వాళ్ళ ఆరోపణ. 2014లో సీబీఐ ప్రాథమిక విచారణ కూడా మొదలైంది. మేం చట్టం ప్రకారమే చేశామని గూగుల్ చెప్పింది. రక్షణ భయం ఉత్తదే అని నేను అనను. కానీ రెండున్నర శతాబ్దాలుగా మ్యాప్ అంటే సర్కారు సొత్తు అనుకున్న చోట, ఊళ్ళో కుర్రాడు గీత గీయడమే నేరంలా కనబడింది. ఈ పద్ధతి మారడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. అప్పుడు కేంద్రం కొత్త మార్గదర్శకాలిచ్చింది, భారతీయ కంపెనీలు ముందస్తు అనుమతి లేకుండా మ్యాపులు చేసుకోవచ్చు అని.

చివరికి మ్యాప్ మేకర్‌ను మాత్రం విచారణలు ముంచలేదు. ఒక ఆకతాయి చేష్ట ముంచింది. 2015 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర మ్యాప్‌లో ఒక బొమ్మ ప్రత్యక్షమైంది. ఆండ్రాయిడ్ బొమ్మ ఆపిల్ లోగో మీద మూత్రం పోస్తున్నట్టు. ప్రపంచమంతా నవ్వుకుంది. గూగుల్ పరువు పోయింది. మే నెలలో ఎడిటింగ్ ఆపేశారు, తర్వాత కొన్ని దేశాల్లో మెల్లగా తెరిచారు, 2017 మార్చి 31న మొత్తం మూసేశారు. కొన్ని పనులు మామూలు గూగుల్ మ్యాప్స్ యాప్‌లోకి మార్చారు. మీరు ఇప్పుడు షాపుకు రివ్యూ రాస్తున్నారు, ఫోటో పెడుతున్నారు, "ఈ చోటు లేదు, చేర్చండి" అని నొక్కుతున్నారు కదా, ఆ దారి అదే. నిర్ణయం వాళ్ళది, కారణం మనకు చెప్పాల్సిన పని లేదు. గీసినవాళ్ళ పేర్లు కూడా మ్యాప్ మీద మిగల్లేదు.

లలితేష్ అప్పటికే అక్కడ లేరు. 2014లో గూగుల్ వదిలేశారు. పన్నెండేళ్ళు చేసిన ఉద్యోగం, అదీ గూగుల్‌లో. తర్వాత ఇండీహుడ్ పెట్టారు. దేశంలో పెద్ద సంఖ్యలో ఉన్న మామూలు జనానికి పనికొచ్చే వేదికలు తయారు చేయాలన్నది దాని ఉద్దేశం. రతన్ టాటా, నందన్ నీలేకని, విజయ్ కేల్కర్ ముందుకొచ్చి బ్యాంకు గడప తొక్కలేని వాళ్ళకు తక్కువ ఖర్చుతో అప్పు అందాలని అవంతి ఫైనాన్స్ మొదలుపెట్టినప్పుడు ఆ ప్రయత్నంలో ఈయనా ఉన్నారు. మ్యాప్ మేకర్‌లో ఆయనతో పనిచేసిన సంజయ్ జైన్ ఆధార్ సంస్థకు వెళ్ళారు. మానిక్ గుప్తా తర్వాత ఊబర్‌లో పెద్ద పదవి చేశారు. ఒకే గదిలో మ్యాప్ గురించి తలలు పట్టుకున్నవాళ్ళు ముగ్గురు మూడు వైపులకు వెళ్ళారన్నమాట.

కొందరు అడగొచ్చు, దీన్ని దాతృత్వం అంటారా అని. చెక్కు రాసి హాస్పిటల్ కట్టిస్తే దాత, మనకు అలవాటైన లెక్క అది. భద్రాచలం వాళ్ళకు ఈ వాదన కొత్తేమీ కాదు లెండి. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు పన్ను డబ్బుతో గుడి కట్టించి గోల్కొండ జైలుకు వెళ్ళాడు, జనం ఆయన్ని రామదాసు అన్నారు. ఎవరి డబ్బు, ఎవరి పని, ఎవరికి పేరు అనే ప్రశ్న ఆనాడే ఉంది. లలితేష్ విషయంలో నాకు అనిపించేది ఇది. ఆయన పెద్ద పని ఏదంటే మ్యాప్ గీసే అధికారం ఊళ్ళో మనిషికి ఉందని ప్రపంచానికి చూపించడం. పెద్ద లోటు ఏదంటే ఆ అధికారం ఒక కంపెనీ సర్వర్‌లో ఉండిపోవడం. ఒక ఇంజనీర్ ఎంత మంచి మనసుతో చేసినా ఆ కంపెనీ తలుపు మూస్తే ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఇప్పుడు మళ్ళీ మన ఆకుపచ్చలోకి వెళ్దాం. ఇక్కడ గీత గీయడం అనుకున్నంత తేలిక కూడా కాదు. పై నుంచి తీసిన ఫోటోలో ఇప్పచెట్ల కింద ఉన్న ఇల్లు కనబడదు. నడిచే బాట కనబడదు. ఎండాకాలంలో ట్రాక్టర్ పోయే దారి జులైలో వాగు. మ్యాప్‌లో అది పన్నెండు నెలలూ ఒకే గీత. పేర్ల గొడవ ఇంకోటి. కోయవాళ్ళు పిలుచుకునే పేరు ఒకటి, రెవెన్యూ రికార్డులో ఇంకొకటి, ఆర్టీసీ బోర్డు మీద మూడోది. ఫలానా గుంపు, కొత్తగూడెం, రామచంద్రాపురం లాంటి పేర్లు మండలానికి ఒకటి ఉంటాయి. ఇవన్నీ ఉపగ్రహానికి తెలిసే సంగతులు కావు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు.

హద్దుల సంగతి చెప్పనక్కర్లేదు. భద్రాచలం, నూగూరు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి, తర్వాత ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు పోయాయి, భద్రాచలం పట్నం ఇటు మిగిలింది. పట్నం దాటి కొద్ది దూరం పోగానే ఎటపాక ఆంధ్రప్రదేశ్. 2016లో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా. ఇంట్లోంచి కదలకుండానే ఒక తాత నాలుగు అడ్రస్‌లు మారి ఉంటాడు. ప్రతిసారీ గీత మార్చింది ఎవరో, మారింది ఎవరికో.

మ్యాప్‌లో ఉండటం ఎప్పుడూ మంచికే అని కూడా నేను చెప్పను. పోడు చేసుకునే రైతును అడగండి. ఉపగ్రహ ఫోటోలో అప్పుడు అక్కడ సాగు కనబడలేదు కాబట్టి నీ దరఖాస్తు చెల్లదు అని పోడు రైతులకు చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అదే ఫోటో ఒకడికి సాక్ష్యం, ఇంకొకడికి శిక్ష. 2006 అటవీ హక్కుల చట్టానికి 2012లో రూల్స్ సవరించినప్పుడు దీని మీద స్పష్టంగా రాశారు. ఉపగ్రహ చిత్రాలు, టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడుగా వాడొచ్చు, వాటి స్థానంలో వాడకూడదు అని. అంటే ఊరి పెద్దల మాట, పాత చెట్టు, సమాధి, బావి గుర్తు, ఇవి కూడా సాక్ష్యాలే. తెలంగాణలో 2023 జూన్ చివర్లో దాదాపు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలివ్వడం మొదలైంది, అందులో మన జిల్లా వాటా పెద్దదే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల సంగతి మాత్రం తేలలేదు. వాళ్ళ గుంపుకు పేరు పెట్టి మ్యాప్‌లో చుక్క పెడితే అంబులెన్స్ వస్తుందా, లేక ఖాళీ చేయమని జీపు వస్తుందా అన్న భయం వాళ్ళది. ఆ భయాన్ని తీసిపారేయలేం. అందుకే అలాంటి చోట చుక్క పెట్టేముందు అక్కడి మనుషులను అడగడం తప్పనిసరి. మ్యాప్ మేకర్ రోజుల్లో ఎక్కడో కూర్చుని గీసిన వాలంటీర్ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. నర్గీస్ లాంటి ఆపదలో అది సరే. మామూలు రోజుల్లో సరికాదు.

కామెంట్లలో చాలామంది అడుగుతుంటారు కాబట్టి పద్ధతి కూడా చెప్పేస్తా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇప్పటికీ నడుస్తోంది. అకౌంట్ ఉచితం. ఫోన్‌లోనే పనిచేసే స్ట్రీట్‌కంప్లీట్, ఎవ్రీడోర్ లాంటి యాప్‌లున్నాయి. పేరు తెలుగులోనే రాయొచ్చు, కోయ పేరు పక్కన ఇంకో పేరుగా చేర్చొచ్చు. దారి వానాకాలంలో పనికిరాదని రాయడానికి కూడా దాంట్లో వేరే గుర్తు ఉంది. నెట్ లేని చోట జీపీఎస్‌తో నడిచిన బాట రికార్డు చేసుకుని, చర్లకో మణుగూరుకో వచ్చి సిగ్నల్ దొరికాక ఎక్కించుకోవచ్చు. ముందు మీ ఊరి బడి, అంగన్‌వాడీ, సబ్ సెంటర్, బోరింగు, వాగు దాటే చోటు. ఈ ఐదూ ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి, ఆ చోటును వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాయండి.